మా ఊరు నేలైన ఏడాది

పుణె,
ఫిబ్రవరి 9

మావయ్యకి ప్రసన్న నమస్కారాలు.

మొన్న ఆదివారం ఫోన్లో మనిద్దరం మాట్లాడుకున్న తీరు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తోంది. ఆ వెనకే బాధగానూ ఉంది. నేను "ఒంట్లో ఎలా ఉంది?" అంటే నువ్వు "ఆయ్, నిన్ననే కొబ్బరికాయలు దింపించేం" అన్నావు. చెవి మిషన్ పెట్టుకుంటే కప్పలన్నీ ఒక్కసారి అరిచినట్టుందని తీసి అలమరలో పడేశావట. బేబీ మధ్యలో కూర్చుని అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేస్తుంది గానీ, నీ కూతురి కత్తెర నీకు తెలియనిది కాదు. నేను పది చెబితే నీకు చేరేవి రెండు. అందుకే ఈ ఉత్తరం. నీ కళ్ళు బాగానే ఉన్నాయి కదా. ఇకనుంచి ఇలాగే మాట్లాడుకుందాం.

అమ్మ కులాసాగానే ఉంది. ఇక్కడి చలికి మోకాళ్ళు పట్టేస్తున్నాయంటుంది. పక్కింటి మరాఠీ ఆవిడకి రొయ్యల ఇగురు నేర్పింది. ఆవిడకి తెలుగు రాదు, ఈవిడకి మరాఠీ రాదు. రోజూ గంటసేపు కబుర్లు చెప్పుకుంటారు.

నేను చేసే పనేమిటని నువ్వు అడుగుతూనే ఉంటావు, బేబీ సరిగ్గా చెప్పనే చెప్పదు. విను. రేపటి వాతావరణం చెప్పాలంటే కంప్యూటర్ భూమినంతా గడులుగా కోస్తుంది. ఒక్కో గడిలో గాలెంత, వేడెంత, తేమెంత అని లెక్క కడుతుంది. ఆ లెక్కల పద్ధతినే మేం మోడల్ అంటాం. ఇప్పుడు రోజూ వాడుతున్న మోడల్లో గడులు పెద్దవి. ఒక్కో గడి నేలో, సముద్రమో ఏదో ఒకటే కావాలి. మన కరవాకకి ఒకవైపు సముద్రం, ఇంకోవైపు వైనతేయ గోదావరి. ఆ గడిలో నీళ్ళే ఎక్కువ. అందుకని మోడల్ లెక్కలో మన ఊరు లేదు మావయ్యా. మన ఇల్లు, చేపల షెడ్డు, అత్తయ్య మల్లెపాదు, అన్నీ సముద్రమే.

మేం కొందరం కలిసి గడుల్ని బాగా చిన్నవి చేశాం. కోనసీమ ఇప్పుడు పాయలతో సహా కనిపిస్తోంది. మన ఊరు నేలే అయింది. కాకపోతే ఇదంతా ఇంకా పరిశోధనలోనే ఉంది. రోజూ జనానికి చెప్పే సూచనల్లోకి రావాలంటే ఈ ఏడాదంతా పాతదాని పక్కనే నడిపి, ఏది నిజమైందో చూడాలి. ఆ పరీక్ష వచ్చే నెలలో మొదలవుతుంది.

అత్తయ్యకి నమస్కారాలు.

నీ ప్రసన్న

~

కరవాక,
మార్చి 2

మా అమ్మాయి ప్రసన్నకి మావయ్య దొరబాబు దీవెనలు.

నీ ఉత్తరం అందింది. పోస్టుమేన్ వీధిలో నిలబడి కేకలేసేడంట. నాకు వినబడక లోపల వల అల్లుకుంటూ కూర్చున్నాను. చివరికి మీ అత్తయ్య వచ్చి భుజం తట్టింది. రెండుసార్లు చదివేను. మూడోసారి మీ అత్తయ్య సత్తెమ్మ తీసుకుని చదివింది.

మన ఊరు సముద్రంలో ఉందని కంప్యూటరు అనుకుంటోందన్న మాట షెడ్డు దగ్గర అందరికీ చెప్పేను. ఒకటే నవ్వులు. బోటు నడిపే మన సీమోను ఏమన్నాడో బేబీ కాగితం మీద రాసి చూపించింది. "కంప్యూటరు తప్పేం లేదండి బాబాయిగారూ. ఏటా కొంచెం కొంచెం ఊరిని సముద్రమే తినేస్తోంది కదా. అది నాలుగేళ్ళు ముందు చెప్పిందంతే" అన్నాడంట.

నీ ఉత్తరం చదువుతుంటే మన పాత రేడియో కళ్ళముందు తిరిగింది. తోలు తొడుగు, ఒక చెవి తెగిపోయిన పట్టీ. మీ నాన్న సత్యం రాజోలు వెళ్ళినప్పుడల్లా దానికి బేటరీలు తెచ్చేవాడు. సాయంత్రం వార్తల వేళకి మన అరుగు నిండిపోయేది. బీడీలు ఆర్పేసి మరీ వినేవాళ్ళు. "కోస్తాలో అక్కడక్కడా జల్లులు పడే అవకాశం" అనేది రేడియో. నువ్వు మీ నాన్న ఒళ్ళో కూర్చుని "అక్కడక్కడా అంటే ఎక్కడ?" అని అడిగేదానివి. బావ నీ జుట్టు చెరిపి, "ఎక్కడ పడితే అక్కడేనమ్మా" అనేవాడు. నీకు కోపం వచ్చేది. సరిగ్గా చెప్పమని ఏడ్చేదానివి. ఆ ఏడుపు ఇంతదాకా తీసుకెళ్ళింది నిన్ను.

ఆ రోజుల్లో నా చెవులే ఊరికి చెవులు. రేడియో గరగరలో ఎవరికీ అందని మాట నాకు అందేది. ఇప్పుడు చూడు.

ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకు. పాతదానికంటే మంచిది తయారు చేసేమంటున్నావు. అలాంటప్పుడు ఏడాదిపాటు పక్కన కూర్చోబెట్టడం దేనికి? ఆకలేసినవాడి ముందు అన్నం పెట్టి, తినకుండా చూస్తూ కూర్చోమన్నట్టు ఉంది.

పోలమ్మని మోకాళ్ళకి ఆవనూనె రాసుకోమను. చెల్లి నా మాట వినదు, నీ మాట వింటుందేమో.

దొరబాబు

~

పుణె,
ఏప్రిల్ 11

మావయ్యకి,

నువ్వడిగిన ప్రశ్నే నేను మా ఆఫీసులో అడిగాను. దానికి జవాబు సత్యప్రసాద్ గారని ఒకాయన చెప్పారు. ఆయన సూచనలు జారీ చేసేచోట డ్యూటీ చూస్తారు. మేం లెక్కలు కడతాం. ఆ లెక్కలు చూసి, జనానికి ఏం చెప్పాలో తేల్చేది ఆయన. మా కొత్త మోడల్ బొమ్మలు చూపించి గొప్పగా చెప్పుకుపోతుంటే అంతా విన్నారు. విని ఇలా అన్నారు:

"బాగుందమ్మా. పాతదానికి ఏయే రోగాలున్నాయో నాకు తెలుసు. కొండల దగ్గర వాన ఎక్కువ చెబుతుంది, నేను తగ్గించుకుంటాను. గాలి తక్కువ చెబుతుంది, పెంచుకుంటాను. దానితో ఇన్నేళ్ళు కాపరం చేశాను. మీ కొత్తదానికి రోగాలు లేవా?"

"ఉంటాయండి" అన్నాను.

"ఏమిటవి?"

నేను బొమ్మలన్నీ మళ్ళీ మొదటినుంచి తిరగేశాను. "మీకే తెలియనప్పుడు నేను దాన్ని నమ్మి సముద్రం మీదున్నవాళ్ళని ఎలా పిలవను?" అన్నారు. ఆ పూటంతా ఆయన మీద కోపంగా తిరిగాను. సాయంత్రానికి ఆయన మాటే సబబనిపించింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. పరిశోధనలో లెక్క ఎంతసేపు నడిచినా అడిగేవాళ్ళుండరు. డ్యూటీలో అలా కుదరదు. బులెటిన్ వేళకి తేలని లెక్క ఎంత మంచిదైనా పనికిరాదు. పొద్దుట వీచే గాలి సంగతి మధ్యాహ్నం చెబితే నువ్వు నన్ను ఊళ్ళోకి రానిస్తావా? అందుకని ఇప్పుడు దాన్ని తొందరగా నడిపించే పనిలో ఉన్నాం. నాతో పనిచేసే మమత చిన్నపిల్ల, కానీ చేయి చురుకు.

రేడియో సంగతి అమ్మకి చదివి వినిపించాను. "ఆ తొడుగు కుట్టింది నేను" అంది. అంతే. నాన్న మాట వస్తే అమ్మ అంతకంటే మాట్లాడదని నీకు తెలుసుగా.

చేపల వేట నిషేధం మొదలవుతోంది కదా, రెండు నెలలూ నీ అల్లుడు కనకరాజు ఇంటిపట్టునే ఉంటాడు. బేబీకి విసుగు, పిల్లలకి పండగ.

ప్రసన్న

~

కరవాక,
జూన్ 27

ప్రసన్నకి దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. వేట మొదలయింది. గాలివాన వస్తుందని కబురు రావడంతో మొదటిరోజు బోట్లు ఆపేరు. అది ఇటు రాలేదు. మర్నాటినుంచి వెళ్తున్నారు. చేప పరవాలేదు.

మోకాలు నొప్పిగా ఉండి షెడ్డు వైపు వెళ్ళడం తగ్గించేను. అత్తయ్య మాగాయ పెట్టింది. అటు వచ్చేవాళ్ళుంటే పంపిస్తాం. ఎండలు ఇంకా తగ్గలేదు.

పోలమ్మని అడిగినట్టు చెప్పు.

దొరబాబు

~

పుణె,
జూలై 15

మావయ్యా,

నీ మోకాలికి ఏమీ కాలేదని బేబీ చెప్పింది. నేను గట్టిగా అడిగితే అంతా చెప్పి ఏడ్చింది.

జరిగింది నేనూ చెబుతాను. వేట మొదలయ్యే రోజున మధ్యాహ్నం మీ వైపు పెద్ద గాలివాన లేస్తుందని మా కొత్త మోడల్ చూపించింది. పాతది ఏమీ లేదంది. పరీక్షలో ఉన్నదాన్ని బయట చెప్పడానికి మాకు అధికారం లేదు. అందుకని నేను సత్యప్రసాద్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన రెండు మోడళ్ళ బొమ్మలూ పక్కపక్కన పెట్టుకున్నారు. రాడార్ చూశారు. మొదటిరోజు కాబట్టి బోట్లన్నీ ఒకేసారి వెళ్తాయని, పొరపాటున నిజమైతే దారుణమని, ఆయన పేరుమీదే హెచ్చరిక పంపారు. అది వెలువడ్డాకే నేను బేబీకి ఫోన్ చేశాను. "మన లెక్కే ఇది, ఎవర్నీ వెళ్ళనివ్వకండి" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

నువ్వు ఒడ్డుకి వెళ్ళి, చేతులు చాపి నిలబడ్డావట. "మా ప్రసన్న చెప్పింది, వెళ్ళొద్దు" అన్నావట. సాయంత్రందాకా ఆకు కదల్లేదు. బోట్లలో పోసిన ఐసంతా కరిగి నీళ్ళయిపోయింది. పక్క ఊళ్ళవాళ్ళు వెళ్ళి బోట్లు నింపుకుని వచ్చారు. అప్పుడు మనవాళ్ళు నిన్ను అందరిముందూ అనరాని మాటలన్నారు. "మీ మేనకోడలు కంప్యూటర్తో ఆడుకోడానికి మా పొట్టలు దొరికేయా?" అన్నది కనకరాజేనట. అప్పట్నించీ నువ్వు షెడ్డుకే వెళ్ళడం లేదు. నాకేమో మాగాయ గురించి రాశావు.

ఈ ఏడు పరీక్షనుంచి మా మోడల్ని వెనక్కి తీసుకోమని మా ఆఫీసు పెద్దావిడకి రాసి ఇచ్చేశాను. ఇంకా రెండు మూడేళ్ళు పరిశోధనలోనే ఉంటే మంచిది. అక్కడ తప్పు చేస్తే ఎవరి ఐసూ కరగదు.

ఇకమీదట ఉత్తరాల్లో నా పని సంగతి రాయను.

ప్రసన్న

~

కరవాక,
ఆగస్టు 4

ప్రసన్నా,

కోపంగా ఉన్నప్పుడు రాయకూడదని ఇన్నాళ్ళు ఆగేను. పూర్తిగా తగ్గలేదు, అయినా రాస్తున్నాను.

అవును, తిట్టేరు. నాకు వినబడదు కదా, సగం తిట్లే చేరేయి. మిగతా సగం మొహాలు చూసి పూర్తి చేసుకున్నాను. కనకరాజు మర్నాడే వచ్చి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. అల్లుడు మంచివాడే. రెండు నెలలు ఖాళీగా కూర్చున్నవాడికి మొదటిరోజు అంటే ఎంత ఆశో నీకు చెప్పాలా? ఇవన్నీ ఇక్కడ మేం చూసుకునేవి. నీకు చెప్పకపోవడానికి కారణం ఒక్కటే. చెబితే నువ్వు ఇదిగో ఇలాగే చేస్తావని.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. దాచలేదు, చెప్పడానికి అందులో ఏమీ లేదనుకున్నాను. 

తొంభై ఆరు తుఫాను. దీపావళి ఇంకా రాలేదు. బావ వెళ్ళే రోజు పొద్దున్న మన అరుగు దగ్గర ఆగేడు. వల భుజం మీద ఉంది. మీ అమ్మ కట్టిన అన్నం కేరేజీ చేతిలో ఉంది. "బావా, రేడియో ఏమంది?" అన్నాడు.

"బంగాళాఖాతంలో ఏదో లేచిందంట. ఎక్కడో తీరం దాటుద్దంట" అన్నాను.

"ఎక్కడో అంటే ఏ మద్రాసో, ఒరిస్సానో అయ్యుంటది" అన్నాడు.

"అంతే అయ్యుంటది" అన్నాను నేనూ.

నీకు టపాకాయలు ఏం కావాలో అడిగి ఉంచమన్నాడు. వెళ్ళిపోయేడు.

ఇన్నేళ్ళుగా ఆ మాటలు తిరగేసి చూస్తున్నాను. రేడియో అబద్ధం చెప్పలేదు. నేను విన్నదే చెప్పేను. బావ మొండికెయ్యలేదు. ముగ్గురం మాకు తెలిసినంతే మాట్లాడుకున్నాం. ఎవరి తప్పూ కాదమ్మా అది. తెలిసినదే అంత. ఆ "ఎక్కడో" అన్న మాట అంత పెద్దది. అందులో మన ఊరు కూడా పట్టింది.

నువ్వు గడులు చిన్నవి చేసేమని రాసినప్పుడు నాకు అర్థమయింది అదే. ఆ "ఎక్కడో"ని చిన్నది చేస్తున్నావని. ఒకసారి తప్పింది. తప్పితే విప్పి చూడు, ఎక్కడ కారుతోందో వెతుకు. ఐసుదేముంది, మళ్ళీ కొనుక్కుంటారు.

ఈవేళ సాయంత్రం షెడ్డుకి వెళ్తున్నాను. ఎవరు మాట్లాడతారో చూస్తాను. మాట్లాడకపోయినా నాకు తేడా తెలీదు.

మావయ్య

~

పుణె,
సెప్టెంబరు 20

మావయ్యా,

నీ ఉత్తరం ఆఫీసుకి తీసుకెళ్ళి, మధ్యాహ్నం అన్నాల వేళ ఒక్కదాన్నీ కూర్చుని చదువుకున్నాను. ఇంటికొచ్చి అమ్మకి ఇచ్చాను. చదివింది. లోపలికి వెళ్ళి చాలాసేపటికి వచ్చి, "ఆవేళ కేరేజీలో పండుగప్ప చేప పులుసు పెట్టాను. మీ నాన్నకి ఇష్టం" అంది. తర్వాత నాన్న గురించి చెప్పింది. పడుకునేదాకా చెబుతూనే ఉంది. నాకు తెలియని నాన్న ఎంతమంది ఉన్నారో! పెళ్ళైన కొత్తలో అమ్మని పడవలో అప్పనపల్లి తీసుకెళ్తూ, అమ్మ భయపడితే, పాట పాడాడట. నాన్నకి పాట వచ్చని నీకు తెలుసా?

మర్నాడే మా పెద్దావిడని కలిశాను. నేను రాసిచ్చిన కాగితం ఆవిడ ఎవరికీ పంపలేదు. "కోపంలో రాసినవి నెలరోజులు నా సొరుగులో ఉంచుతాను" అని తిరిగి ఇచ్చేసింది.

తప్పు దొరికింది. నేనూ, మమతా జూన్ నాటి లెక్క మొత్తం విప్పాం. గాలీ సరిగ్గానే ఉంది, తేమా సరిగ్గానే ఉంది. నేల మాత్రం మరీ వేడెక్కిపోయింది. ఆ వేడికే లేని గాలివాన లేచింది. నేల ఎందుకు అంత వేడెక్కిందని మమత అడిగితే, "జూన్ కదా, ఎండలు" అన్నాను. అంటుండగానే రాజోలు బస్సు గుర్తొచ్చింది. బడి తెరిచిన కొత్తలో కిటికీ పక్క సీటు కోసం నేనూ బేబీ కొట్టుకునేవాళ్ళం. ఎందుకు? కాలవలకి నీళ్ళు వదిలేసేవారు. మామిడికుదురు దాటాక రోడ్డుకి రెండువైపులా చేలనిండా నీళ్ళే. దమ్ము పట్టిన బురద వాసన, మొహాన చల్లటి గాలి. అంతటి ఎండలోనూ ఆ గాలి చల్లగానే ఉండేది!

మా మోడల్లో ఆ నీళ్ళు లేవు మావయ్యా. మే నెలలో ఎండి బీటలు తీసిన నేలే జూన్లోనూ ఉందనుకుంది. మన ఊరిని నేల చేశాం గానీ, ఆ నేల ఎలా ఉంటుందో దానికి చెప్పలేదు. ఉపగ్రహం నుంచి వచ్చే తడి వివరాలు అందులో కలిపి మళ్ళీ నడిపాం. ఈసారి లెక్కలో ఆ రోజు గాలివాన సముద్రం మీదే చిన్నగా లేచి అణిగిపోయింది.

పరిగెత్తుకుని సత్యప్రసాద్ గారికి చూపించాను. "మంచిదే. కానీ జరిగిపోయిన దాన్ని సరిగ్గా చెప్పడం మా ఆవిడకీ వచ్చు. జరగబోయేది చెప్పండి" అన్నారు. మళ్ళీ పరీక్షలో పెట్టాం.

షెడ్డు దగ్గర ఎవరైనా మాట్లాడారా?

నీ ప్రసన్న

~

కరవాక,
నవంబరు 12

మా ప్రసన్నమ్మకి,

కరెంటు నిన్న వచ్చింది. సెల్ టవర్ ఇంకా లేవలేదు. క్షేమమన్న కబురు రాజోలు వెళ్ళినవాళ్ళ చేత నీకు చెప్పించేం కదా. అసలు సంగతి మాత్రం నా చేత్తో రాయాలని ఆగేను.

తుఫాను ఉత్తరం వైపు పోతుందని, మర్నాటికి గానీ తీరం తగలదని ముందురోజు అన్నారు. అందుకని మన బోట్లు దగ్గర వేటకి వెళ్ళేయి. తెల్లారేక కబురు మారింది. దారి మళ్ళిందనీ, ఈ సాయంత్రమే వైనతేయ సముద్రంలో కలిసే మొగ చుట్టుపక్కల తీరం దాటుతుందనీ, బోట్లన్నీ వెంటనే వెనక్కి రావాలనీ. ఆకాశం చూస్తే మామూలు మబ్బు. షెడ్డు దగ్గర జనం పోగయ్యేరు. "జూన్లోనూ ఇలాగే అన్నారు" అన్న మాట అందరి మొహాల మీదా కనబడుతూనే ఉంది. నేను పైకేమీ అనలేదు. ఏ మొహం పెట్టుకుని అననూ?

బేబీ కనకరాజుకి ఫోన్ చేసింది. దాని మొహం మాడిపోయింది. నా చేతిలో కాగితం లాక్కుని రాసింది: చేప బాగా పడుతోందంట. ఇంకో వల వేసి వస్తాడంట. మిగతావాళ్ళూ అతన్ని చూసే ఆగేరంట.

ఫోన్ ఇవ్వమని చెయ్యి చాపేను. "నీకు వినబడదు కదా నాన్నా" అని సైగ చేసింది. వినబడకపోతేనేం, మాట్లాడ్డం వచ్చుగా! చెవి దగ్గర కాదు, నోటి దగ్గర పెట్టుకుని అన్నాను:

"కనకరాజూ, నేను మీ మావగార్ని. నువ్వేమన్నా నాకు వినబడదు. కాబట్టి నాతో వాదన పెట్టుకోకు. జూన్లో తప్పింది, నిజమే. ఆవేళ ఐసు పోయింది. ఈవేళ తప్పినా ఓ వల చేప పోద్ది. తప్పకపోతే ఏం పోద్దో మా చెల్లి పోలమ్మనడుగు. సత్యం బావ ఎక్కడో అనుకుని వెళ్ళేడు. ఇప్పుడు ఎక్కడో అనట్లేదురా, మన మొగ పేరు పెట్టి చెబుతున్నారు. వల కోసేసి వచ్చెయ్. నేను ఒడ్డునే ఉంటాను."

ఫోన్ బేబీకి ఇచ్చేసేను. అది చెవి దగ్గర పెట్టుకుంది. కళ్ళనీళ్ళు పెట్టుకుని, తలూపింది.

బోట్లు ఒక్కొక్కటే మొగలోకి వచ్చేయి. చివర్న కనకరాజుది. ఒడ్డుకి లాగి కట్టేసరికి గాలి తిరిగింది. ఆ తర్వాత మేం బడిలోకి ఎక్కేసేం. ఆ గాలి నాకు చెవులకి తెలీలేదు గానీ గోడకి ఆనించిన వీపుకి తెలిసింది. షెడ్డు రేకులన్నీ పోయేయి. కొబ్బరిచెట్లు చాలా తలలు వాల్చేసేయి. వలలు పోయేయి. మనిషి పోలేదు.

సీమోను ఒక్కడి బోటే తిరిగి రాలేదు. రాత్రంతా వాళ్ళమ్మ గోడకేసి తిరిగి కూర్చుంది. పక్కన కూర్చున్న మీ అత్తయ్య ఆవిడ చెయ్యి వదల్లేదు. పొద్దున్న వాన వెలిసేక రాజోలు వైపునుంచి ఆటో ఒకటి చెట్ల మధ్యనుంచి దారి చేసుకుంటూ వచ్చింది. అందులోంచి సీమోను దిగేడు, ఎవరిదో పంజాబీ డ్రెస్సు పేంటు వేసుకుని! కబురు అందగానే మన మొగ దూరమని దగ్గరున్న అంతర్వేది వైపు వెళ్ళిపోయేడంట. ఊరంతా వాణ్ణి చూసి ఏడుస్తూ నవ్వింది. వాళ్ళమ్మ ముందు ఒక్కటిచ్చి తర్వాత కావలించుకుంది.

ఆ కబురు మార్చింది ఎవరు? నీ కొత్తదేనా?

మావయ్య

~

పుణె,
ఫిబ్రవరి 18

మావయ్యకి ప్రసన్న నమస్కారాలు.

తేలేదాకా చెప్పకూడదని నీ ప్రశ్నకి ఇన్నాళ్ళు జవాబు రాయలేదు. ఇప్పుడు రాయొచ్చు.

ఆ రోజు దారి మళ్ళుతుందని ముందు చూపించింది మా కొత్తదే. కానీ కబురు మార్చింది మోడల్ కాదు, సత్యప్రసాద్ గారు. జూన్ దెబ్బ ఆయనకీ తగిలింది కదా. పాతదీ కొత్తదీ రెండూ ముందు పెట్టుకుని, సముద్రంలో ఉన్న తేలుడు యంత్రం పంపిన గాలి కొలత చూశారు. అది కొత్తదానితో కలిసింది. నాకు ఫోన్ చేసి ఒకే మాట అడిగారు: "నేల తడి కలిపిందే కదా ఇది?" అవునన్నాను. పెట్టేశారు.

పోయిన వారం పెద్దల సమావేశం జరిగింది. ఏడాది లెక్కలన్నీ ముందు పెట్టాం. గెలిచినవీ, ఓడినవీ. జూన్ రోజుని నేనే మొదటి బొమ్మగా చూపించాను. ఎవరో ఇంకో ఏడాది ఆగుదామన్నారు. అప్పుడు సత్యప్రసాద్ గారు లేచారు. "దీనికీ రోగాలున్నాయి. వాటిలో కొన్ని ఇప్పుడు నాకు తెలుసు. చాలు. నా బల్ల మీదికి రానివ్వండి" అన్నారు. ఒప్పుకున్నారు.

నిన్న మొదటిసారి పొద్దుటి సూచన దాన్నించే వెళ్ళింది. మమత మిఠాయిలు పంచింది. నేనూ తిన్నాను. తర్వాత నా బల్ల దగ్గరికొచ్చి కూర్చుంటే చెయ్యడానికి ఏమీ లేదు. దాన్ని డ్యూటీ కంప్యూటర్లోకి మార్చేశారు. ఇక మేం ముట్టుకోకూడదు. ఒక్క అక్షరం దిద్దాలన్నా అర్జీ పెట్టుకోవాలి. మా పేర్లు ఎక్కడా ఉండవు. నాన్న బోటు మొదటిసారి నీళ్ళలోకి తోసిన రోజు గుర్తొచ్చింది. పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, ఊరంతా భుజాలు పెట్టి తోశారు. అందరూ కేకలేస్తుంటే, అది కట్టిన వడ్రంగి ఒక్కడూ ఒడ్డున చెక్కపొట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఏడేళ్ళ పిల్లని, "తాతా, నువ్వు ఎక్కవా?" అని అడిగాను. నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు నాకు నిన్న అర్థమయింది.

సంతోషంగానే ఉంది మావయ్యా. కొంచెం వెలితిగానూ ఉంది. నాన్న ఉంటే బాగుండేది. ఇంకేం లేదు.

నీ ప్రసన్న

~

కరవాక,
మార్చి 16

మా ప్రసన్నమ్మకి మావయ్య, అత్తయ్య దీవెనలు.

నీ ఉత్తరం షెడ్డు దగ్గర బేబీ అందరికీ చదివింది. కొత్త రేకులు వేసేరు.  సీమోను "అయితే ఇంక మనం నేలమీద ఉన్నట్టేనాండి?" అన్నాడంట. కనకరాజు లేచి వెళ్ళి నాకు టీ తెచ్చిచ్చేడు. వాడు నోటితో చెప్పే రకం కాదు.

రోజూ పొద్దున్నే కబురు వస్తోంది. గాలి ఇంత, అలలు ఇంత అని. చాలారోజులు ఏమీ ఉండదు. ఎవరి లెక్క ఇది అని ఇప్పుడెవరూ అడగట్లేదు. చూసుకుంటున్నారు, వెళ్తున్నారు, వస్తున్నారు. నీకు వెలితిగా ఉందన్నావు కదా, నీ లెక్క ఇక్కడ ఎలా కలిసిపోయిందో తెలుస్తుందని రాస్తున్నాను.

నిన్న ఆదివారం. గాలి లేదన్నారు. నన్ను మొగదాకా తీసుకెళ్ళమని కనకరాజుని అడిగేను. బోటెక్కి ఎన్నేళ్ళయిందో! మీ అత్తయ్య వీధి గుమ్మంలోకి వచ్చి చేతులూపుతూ అరిచింది. వినబడకపోయినా ఏమందో తెలుసు, ఈ వయసులో మీకెందుకని. పొద్దుటి కబురు ఫోన్లో తీసి చూపించేను. సత్తెమ్మ దాన్ని చదివింది. మళ్ళీ చదివింది. లోపలికి వెళ్ళి చెంగు దోపుకుని వచ్చి, "పదండి, నేనూ వస్తాను" అని నాకు అర్థమయ్యేలా నోరు తిప్పి చెప్పింది.

బావ పోయినప్పట్నించీ అది నీళ్ళలో కాలు పెట్టలేదమ్మా. అప్పనపల్లి వెళ్ళాలన్నా చుట్టూ తిరిగి రోడ్డునే వెళ్ళేది. నీకు తెలీదేమో, ఎవరికీ చెప్పుకోదు. కనకరాజు చెయ్యి పట్టి ఎక్కించేడు. అంచున కట్టిన తాడు రెండు చేతులా పట్టేసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంది.  వెనక్కి తిప్పమననా అని సైగ చేసేను. వద్దని తలూపింది.

మొగ దగ్గర కనకరాజు ఇంజను ఆపేడు. నాకు అక్కడ ఏమీ వినబడదు గానీ చూపుకి ఏం లోటు లేదు. గోదారి నీళ్ళు లేతరంగులో వచ్చి ఆకుపచ్చ నీళ్ళని ఒరుసుకుంటున్నాయి. నా చిన్నప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉంది. అటువైపు తీరం మీద మనుషులు కూడా కనబడుతున్నారు. బావ ఇక్కడే వల విసిరేవాడని అత్తయ్యకి చూపించి చెబుదామని తిరిగేను.

అది కళ్ళు తెరిచి నీళ్ళకేసి చూస్తోంది. తాడు పక్కన పడి ఉంది. ఎప్పుడు వదిలిందో నేను చూడలేదు.

మావయ్య